అవ్వ రొట్టె, నా చేతిలో గిలాస

మా అవ్వ చేసే జొన్నరొట్టె ఎంత పెద్దదంటే, ఒక ఎండాకాలం దాన్ని నెత్తిన పెట్టుకుని కోటగిరి నుంచి బోధన్ దాకా నీడలో నడిచాను. దారిపొడుగునా అంచులు తుంచుకు తిన్నందుకు, ఊరు చేరేసరికి చెవులు కాలాయి. ఈ మాట చెప్పినప్పుడల్లా కన్నతల్లి గనుక అవ్వ నన్ను ఆపాలి. ఆపదు. "చెవులే గాదు, ముక్కు గూడ కాలింది" అని కలుపుతుంది.

అలాంటి మనిషికి పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, నడక వచ్చింది. ఎడమచేయి మాత్రం మొరాయించింది. కుడిచేయి రొట్టె కొడుతుంటే పిండిని తిప్పాల్సింది ఆ ఎడమచేయే. ముసలామెతో పని చేయిస్తున్నారని వాడకట్టులో ఇరుగుపొరుగు అనుకుంటారేమోనని నా భార్య భయం. అన్నం కలిపి నోట్లో పెట్టేది ఆమె, చెప్పులు తొడిగేది నేను. అవ్వ మెల్లగా మాటలు తగ్గించింది. చివరికి నా కథలకు కూడా ఏమీ కలపడం మానేసింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

నిజామాబాద్ నుంచి ఆక్యుపేషనల్ థెరపిస్టును పిలిపించాం. రోజువారీ పనులు ఎవరికి వారు చేసుకోవడం మళ్లీ నేర్పే మనిషి. చెరకు ట్రాక్టర్ల వెనక స్కూటీ మీద వచ్చింది. సంచిలో మిషన్ ఏదో ఉంటుందనుకున్నాను. ఆమె తీసింది ఒక్క మాటే.

"అవ్వా, నీకేం చెయ్యబుద్ధి అయితుంది?"

"రొట్టె జెయ్యాలె బిడ్డా. నన్ను పొయ్యి కాడికి రానిస్తలేరు."

"అత్తమ్మా, నువ్వు కాల్చుకుంటవని గదా" అంది నా భార్య.

థెరపిస్టు గ్యాస్ పొయ్యిని పొట్టి బల్ల మీదికి దించి, ముందు కుర్చీ వేసింది. పిండి పళ్లెం జారకుండా కింద తడిగుడ్డ పరిచింది. అవ్వ పిండి ముద్ద పట్టుకోగానే అది పక్కకు ఒరిగింది. వెంటనే నా చేయి, నా భార్య చేయి పళ్లెంలోకి దూకాయి. థెరపిస్టు లేచి వెళ్లి, నిండా నీళ్లు పోసిన గిలాసలు తెచ్చి మా చేతుల్లో పెట్టింది.

"రెండు చేతులల్ల పట్టుకోండ్రి. చుక్క కింద పడొద్దు."

"నాకేం రోగమమ్మా?"

"నీ చేతులు ఊకుంటలేవన్నా. ముందుగాల వాటికే వైద్యం."

అవ్వ నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

ఆ తర్వాత ఆమె వచ్చినప్పుడల్లా మేము గిలాసలు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేవాళ్లం. అవ్వ తడిగుడ్డ పిండింది, పిండి పిసికింది, ముద్దను కొంచెం కొంచెంగా తిప్పింది. ఒకరోజు పొద్దున థెరపిస్టు రాకముందే పెనం మీద రొట్టె వేసింది. ఒక పక్క మందం, ఒక పక్క చిల్లు. మాడు వాసన వస్తోంది. తిప్పేద్దామని చేయి చాచాను.

"గిలాస యాడవెట్టినవురా?" అంది అవ్వ, పెనం మీది నుంచి చూపు తీయకుండా. "పోయి పట్టుకో."

పట్టుకున్నాను. ఎడమచేత్తో పెనం పిడి అదిమిపట్టి, అవ్వే రొట్టె తిప్పింది.

అది అరచేయంత ఉంది. బయటికొచ్చి వాడకట్టుకు మాత్రం సైకిల్ చక్రమంత అని చెప్పాను.

"ట్రాక్టర్ చక్రమంత" అని వంటింట్లోంచి వినిపించింది.