మున్నేట్లో సక్రి చెలిమె

మానుకోట జీవనది మున్నేటి ఒడ్డున వెలసిన పట్నమని బళ్లో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. ఏడాదికి నాలుగు నెలలు పారే వాగును జీవనది అనడానికి నాకు సిగ్గేసేది కాదు. మా వాళ్లు ఊరికి నిజాం పేరు పెట్టుకున్నారు, రైలు రాగానే స్టేషను చుట్టూ బజారు కట్టుకున్నారు, వాగుకు మాత్రం వీపు తిప్పి కూర్చున్నారు. ఆ వాగు సంగతి నిజంగా తెలిసిన మనిషి ఒక్కతే. ఒడ్డు మీది తండాలో ఉండే సక్రి.

అరవై దాటిన మనిషి. ఎండాకాలం ఇసుకలో ఎక్కడ తవ్వితే నీళ్లు ఊరతాయో నడుస్తూ నడుస్తూనే చెప్పేసేది. మోకాలి లోతు గుంట, అంటే చెలిమె, తీసి, మొదట ఊరిన బురదనీళ్లు తోడిపోసి, తేరుకున్నాక గిన్నెతో బిందె నింపేది. తండాలో ఇరవై ఇళ్లకు అవే తాగునీళ్లు. బోరు వేయిస్తామని ప్రతి ఎన్నికకూ ఎవరో ఒకరు వచ్చి కొబ్బరికాయ కొట్టి పోయేవారు.

"గా కాయలన్ని దాసిపెడితే పచ్చడన్న అయితుండె," అనేది సక్రి.

ఇక మా ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ నాయకుడు హన్మంత రెడ్డి. "మన నీళ్లు మనకే" అని మైకు అదిరేలా అరిచేవాడు. ఆయన నాలుగు ట్రాక్టర్లేమో అదే వాగులో ఇసుక ఎత్తేవి. ఇసుక పోయిన చోట నీళ్లు నిలవవు. 2011లో ఎండలు ముదరకముందే సక్రి చెలిమె నడుం లోతుకు దిగింది. ఇంకో రెండు మూరలు దిగితే బండే. ఈ సంగతి మాకందరికీ తెలుసు. ఆ మాట ఎత్తితే ఉద్యమం పలచనవుతుందని నోరు మూసుకున్నాం. టీచర్లం కదా, నోరు ఎప్పుడు మూసుకోవాలో మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అంతలో రెండు రోజుల బంద్ వచ్చింది. సైకిల్ కూడా తిరగొద్దని హన్మంత రెడ్డి ముందురోజే చాటించాడు. పొద్దున్నే రోడ్డు ఆపుదామని ఆయన వెంట వంతెన మీదికి పోయాం. కింద వాగులో ఆయన ట్రాక్టర్లే ఆగి ఉన్నాయి. వాటి ముందు, మేం పంచిన జెండా పట్టుకుని, సక్రి కూర్చుంది.

మాతోపాటు కిందికి దిగి ఆయన కసిరాడు. "ఏ సక్రీ, లెవ్వు! గిది నా ఇంటి పని. బంద్‌తోని దీనికేం సంబంధం?"

"నువ్వే చెప్పినవు గద పటేలా, సైకిల్ గూడ తిరగొద్దని. నీ ట్రాక్టర్ సైకిల్ కంటె చిన్నగున్నదా?"

మాకు నవ్వు ఆగక దగ్గాం. అప్పుడే పేపరు ఫొటోగ్రాఫర్ దిగివచ్చాడు. కెమెరా కనబడగానే హన్మంత రెడ్డి సక్రి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, "మన నీళ్లు మనకే, అవ్వా!" అని పిడికిలి ఎత్తాడు. ఇసుక దోపిడీపై నాయకుడి నిరసన అని మర్నాడు పేపర్లో పడింది. ఎవరి దోపిడీయో రాయలేదు.

మూడో రోజు ట్రాక్టర్లు మళ్లీ దిగాయి. సక్రి మళ్లీ కూర్చుంది. ఫొటోగ్రాఫర్ రాలేదు, మేమూ పోలేదు. డ్రైవర్లు ఆమెను వదిలేసి, ఆమె చుట్టూ ఉన్న ఇసుక ఎత్తుకుపోయారు. ఉగాది నాటికి చెలిమెలో బండ తేలింది. అప్పటినుంచి తండా ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి మా బజారు నల్లా దగ్గర వరసలో నిలబడేవారు. మావాళ్లు వాళ్లను చివరికి నెట్టేవారు.

రాష్ట్రం వచ్చింది. సంబరాల సభలో హన్మంత రెడ్డి సక్రిని వేదిక మీదికి పిలిచి, ఉద్యమ వీరవనిత అంటూ శాలువా కప్పబోయాడు. ఆమె చేత్తో ఆపింది. మైకు దగ్గరే ఉండటంతో మాట అందరికీ వినబడింది.

"గిది నాకెందుకు పటేలా? మా ఉసికె యాడ వోసినవో చెప్పు. తట్టతోని నేనే మోసుకపోత."

ఎవరైనా చప్పట్లు కొడితే గండం గడుస్తుందని ఆయన మా వైపు చూశాడు. ఆమె అడిగినదానికి జవాబు నాకు తెలుసు. ఆ ఇసుకలో పద్నాలుగు ట్రాక్టర్ లోడ్లు మా ఇంటి మేడగదికే వచ్చాయి. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.