పచ్చబడ్డ మొహం

నేను రేపల్లెలో జాకెట్లు కుడతాను. కంటి లోపల వాపుకి మందులు వాడాక ఎరుపు పోయింది. తెనాలి డాక్టరమ్మ ఎదుటే సూదిలో దారం ఎక్కించి, "తగ్గిపోయిందండి" అన్నాను ధీమాగా. ఆవిడ ఊరుకోకుండా చేతి నరానికి రంగుమందు ఎక్కించి కంటి లోపలి ఫొటోలు తీయించారు. పైకి బాగున్న కంట్లో రక్తనాళాలు ఇంకా కారుతున్నాయట! వదిలేస్తే చూపే పోయేదని మందు పెంచారు.

తిరుగు రైల్లో పక్కనున్న పెద్దావిడ పచ్చబడ్డ నా మొహం చూసి, "అమ్మో, పచ్చకామెర్లు! బాపట్లలో పసరు పోస్తారు, రేపే వెళ్లమ్మా" అని కేకేసింది. పెట్టెలో అందరూ నావైపే చూశారు. సిగ్గుతో చితికిపోయాను.

"కామెర్లు కాదు పిన్నిగారూ, కంటి ఫొటో కోసం ఎక్కించిన రంగండి. రేపటికి పోతుంది."

నవ్వబోయి ఆగిపోయాను. పసుపు చూసి ఆవిడ జబ్బుందంది. ఎరుపు పోయిందని పొద్దున నేను జబ్బే లేదన్నాను.

కన్ను ఇప్పుడు బాగైంది. ఈసారి ఆ మాట చెప్పింది మళ్లీ తీసిన ఫొటోలే!