మిగిలిన గొంతు

మా ఆయన ఎన్నికల ప్రచారానికి గొంతు అరువిచ్చేవారు. ఇంట్లో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, నడిగది తలుపుకు దుప్పటి కట్టి, ఎదుటి పార్టీ అభ్యర్థిని దొంగ, దగాకోరు అంటూ రికార్డు చేసేవారు. ఆయన పోయి నెలైనా ప్రచారం ఆటో మా వీధిలో ఆ తిట్లే వినిపిస్తోంది. కిటికీ మూయబోతాను. ఆయన గొంతు కదా అని చెయ్యి ఆగిపోతుంది.

నిన్న ఆటో డ్రైవరును ఆపాను.

"అన్నయ్యా, మీ నాయకుణ్ణి మెచ్చుకుంటూ మా ఆయన చెప్పినవి కూడా ఉండాలిగా? వాటి మొదట్లో నవ్వుతూ నమస్కారం చెప్పేవారు. అదొక్కటి నా ఫోనులో వేసిపెట్టు."

"అవెప్పుడో తీసేశాం చెల్లెమ్మా. పొగిడితే కుక్క కూడా ఆగట్లేదు. తిడితే మాత్రం టీకొట్టు దగ్గర జనం మళ్లీ వెయ్యమంటున్నారు."

"అయితే ఆ తిట్లే వెయ్యి," అని ఫోను అందించాను.