జీడిపప్పు బదులు బుడ్డలు

మొన్న మా కోడలు కర్నూలు ఇంట్లో అటక సర్దుతూ, అట్ట ఊడిపోయిన నా పాత వంటల పుస్తకాన్ని దించి, ఒక్కో పేజీకీ ఫోటో తీసి ఫోన్లో తన స్నేహితురాళ్లందరికీ పంపింది. సాయంత్రానికల్లా ఎవరెవరో ఏవేవో వండేశామని బొమ్మలు పంపారు. ఆ పుస్తకాన్ని అడ్డం పెట్టుకుని నేను ఎన్ని అబద్ధాలు ఆడానో వాళ్లకేం తెలుసు, నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధికి నేను కోడలిగా పోయినప్పుడు, నా పెట్టెలో నాలుగు చీరల కింద ఆ పుస్తకం ఉండేది. ఏడో తరగతి దాకా చదివిన ఆడమనిషిని ఆ వీధిలో నేనొక్కదాన్నే కావడంతో, మధ్యాహ్నం పూట మా అత్తా, ఎదురింటి పెద్దమ్మా, ఇంకో నలుగురూ మా వసారాలో రాట్నాల ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతుంటే, నేను రోజుకొక వంట చదివి వినిపించేదాన్ని, వాళ్లు దాన్ని వండి గిన్నెల్లో ఒకరికొకరు పంచుకునేవాళ్లు. అయితే ఆ ఏడు వానల్లేక, నూలు సరిగా రాక, సగం మగ్గాలు ఆగిపోయాయి. జొన్న సంగటికే కటకటగా ఉన్న ఇళ్లలో నెయ్యి, జీడిపప్పు, కుంకుమపువ్వు అని చదవడానికి నాకు నోరు రాలేదు. నెయ్యి ఉన్నచోట నూనె అనీ, పంచదార ఉన్నచోట బెల్లమనీ, బియ్యం ఉన్నచోట కొర్రలనీ, కళ్లు పుస్తకంలోనే పెట్టి గడగడా చదివేసేదాన్ని. నేనెంత మంచిదాన్నో అని నాకు నేనే మురిసిపోయేదాన్ని కూడా.

ఆ రోజుల్లోనే ఎదురింటి పెద్దమ్మ కూతురికి శ్రీమంతం పెట్టుకున్నారు. పుస్తకంలో అన్నిటికంటే గొప్ప తీపి చదవమని పెద్దమ్మ అడిగితే, జీడిపప్పు పాకం పేజీ తీసి, బుడ్డలు నానబెట్టి రుబ్బి, బెల్లం పాకంలో పోసి దగ్గరపడేదాకా తిప్పాలని చదివాను. బుడ్డలంటే మా వైపు వేరుశనగలే. బాగానే కుదిరింది. శ్రీమంతం నాడు కర్నూలు నుంచి వచ్చిన ఆమె వియ్యపురాలు, చదువుకున్న మనిషి, ఒక ముక్క నోట్లో వేసుకుని ఇదేం తీపని అడిగింది. పుస్తకంలోదని పెద్దమ్మ గొప్పగా చెప్పి, నాతోనే ఆ పుస్తకం తెప్పించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అబద్ధం బయటపడితే మా అత్త ఇక జన్మలో నా మాట నమ్మదు, వీధిలో తలెత్తుకోలేను.

ఆ వియ్యపురాలు కళ్లజోడు పెట్టుకుని, "ఇందులో జీడిపప్పు, నెయ్యి అని ఉండాది. బుడ్డల మాట యాడా లేదే" అంది. అందరూ నా వైపు తిరిగారు. మా అత్త మాత్రం చేతిలోని పళ్లెం దించకుండానే, "మా కోడలు చదివిందే మాకు పుస్తకం. బాగుంటే ఇంకో ముక్క తినండి" అని వడ్డించుకుంటూ ముందుకు పోయింది.

ఇంటికి వచ్చాక ఏడుస్తూ మా అత్త దగ్గర అంతా ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"శానా దినాలుగా అనుకుంటానే ఉండా. యా పుస్తకంలో అయినా అన్నీ కొర్రలూ బుడ్డలే ఉంటాయా పాపా? చేసుకునేకి దుడ్లు లేవు, సరే. వినేకి గూడా మేం పనికిరామా?" అంది.

మరుసటి రోజు నుంచి ఉన్నది ఉన్నట్టు చదివాను. జీడిపప్పు పాకాన్ని మా అత్త నా చేత ఎన్నిసార్లు చదివించుకుందో లెక్కలేదు. నేతిలో దోరగా వేయించాలన్న చోట రాట్నం ఆపి, అదొక్కటీ మళ్లీ చదవమనేది. విన్నదాంట్లో ఏది మార్చి వండుకోవాలో వాళ్లే తమ ఇంట్లో ఉన్నదాన్ని బట్టి తేల్చుకునేవాళ్లు.

ఇప్పుడు మా కోడలు వంట చేసేటప్పుడు చెవుల్లో ఏదో పెట్టుకుని తనకు తానే వింటుంది. తప్పు పట్టను, కాలం అలాంటిది, జీడిపప్పుకూ నేతికీ ఇంట్లో కొదవ లేదు. కానీ మా ఇంటికి మొట్టమొదటి జీడిపప్పు పొట్లం వచ్చేనాటికి మా అత్త పోయి రెండేళ్లయింది. ఆ పాకాన్ని ఆమె వినడమే గానీ తినలేదు.