వద్దన్నాక వేసే గరిటె

మా దగ్గరే ఉండే చిన్నతమ్ముడు శ్రీను మోకాళ్ల నొప్పితో మిరపచేలో నాలుగు సాళ్లు కూడా నడవలేకపోతున్నాడు. ఈ రోజు పొద్దున్నే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. ఓపీ వరుస గేటు దాకా ఉంది. నిలబడే లలితా సహస్రనామం రెండుసార్లు పూర్తి చేశాను, మా వంతు రాలేదు.

లోపల డాక్టరమ్మకి, పాపం, తలెత్తే తీరిక లేదు. చీటీ మీద వాడి బరువు చూసి, "నూట నాలుగు కిలోలు. ఇది తగ్గకపోతే మందులు పనిచేయవండీ. అన్నం ఎంత తింటారు?" అంది.

"నాకేం తెలుసండీ, అక్క వడ్డిస్తుంది."

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "వద్దంటే ఆపరామ్మా?"

"వద్దన్నాకే కదండీ, ఇంకో గరిటె వేసేది" అన్నాను.

వెనక నిలబడ్డవాళ్లంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "అయితే ఆ గరిటె మానండి. మందు అదే."

మధ్యాహ్నం పప్పన్నం ఒక్కసారే తిని, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. గరిటె గాల్లో ఉంది. అమ్మవారిని తలచుకుని గిన్నెలో పెట్టేశాను. వాడు మజ్జిగ తాగి హాయిగా లేచాడు. నాకే కడుపు నిండలేదు.

వద్దన్న మనిషికి వడ్డించకుండా ఎలా ఉంటారో, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.