లైటు ఆర్పేసి వాదించు

గుడివాడలో నా క్లినిక్ కిటికీకి ముదురాకుపచ్చ కర్టెన్ ఉంది. దాన్ని లాగినప్పుడు కడ్డీ మీద రింగులు జరజరా జారే చప్పుడు వింటే చాలు, ఇరవయ్యేళ్లు వెనక్కి వెళ్లిపోతాను. బందరులో ఒక మేడమీద గది. బయట మిట్టమధ్యాహ్నం, లోపల మునిమాపు. ఆ మసకలో కంప్యూటర్ ముందు మా శకుంతల మేడమ్, ఎవరిదో పంటి ఎక్స్‌రేని, కాలవ నీళ్ల అడుగున పడ్డ ఉంగరం కోసం చూస్తున్నట్టు చూస్తూ ఉంటారు.

నేను బీడీఎస్ పూర్తిచేసి ఆవిడ దగ్గర చేరేసరికి ఎక్స్‌రేలు ఫిల్ము వదిలి కంప్యూటర్లోకి వచ్చాయి. తెరకి తన వెలుగు తనకుండగా మనం గదిని గుహ చెయ్యడం దేనికని రోజూ తగువు పడేదాన్ని. ఆవిడ కసిరేవారు కాదు. "వాదించమ్మా, కాదనను. లైటు ఆర్పేసి వాదించు," అనేవారు.

ఒకరోజు నాగాయలంక నుంచి చేపలమ్మే ఆవిడ పంటి పోటుతో వచ్చింది. చివరి పన్ను పుచ్చిందని నోట్లోనే కనిపిస్తోంది. కిటికీ ఎండ తెర మీద మెరుస్తుండగానే ఎక్స్‌రే చూసేసి, ఇదే, పీకేద్దామన్నాను. పీకించుకోడానికే ఆవిడా బస్సెక్కింది. మేడమ్ కర్టెన్ లాగి లైటు తీసేశారు.

"నా పంటికి సినిమాహాలు చేశారేంటండీ," అంది చేపలావిడ కుర్చీలోంచి.

నేను అందుకున్నాను. పుచ్చు కళ్లెదురుగా ఉంటే చీకట్లో కొత్తగా ఏం పుడుతుందని, బయట జనం కూర్చున్నారని ఏకరువు పెట్టాను. మేడమ్ ఊఁ కొడుతూ కూర్చున్నారు. నా మాటలు అయిపోయేసరికి గది తేటపడింది. తెర మీద ఒకటే బూడిదరంగు అనుకున్నది విడివిడి నీడలుగా విచ్చుకుంది. నేను పీకేద్దామన్న పంటి పుచ్చు పైపైనే ఆగింది. దాన్ని ఆనుకున్న పక్క పంటిలో, పొగలాంటి మరక నరం దాకా దిగింది. ఆ పంటి మీద మేడమ్ తట్టగానే చేపలావిడ ఎగిరిపడింది.

"ఇందాక ఇది లేదండీ," అన్నాను.

"ఉంది. నీ కళ్లే ఇంకా ఎండలో ఉన్నాయి."

ఏ పన్నూ పీకలేదు. వైద్యం చేసి రెండూ నిలబెట్టారు. "మీరట్టా పోట్లాడుకోబట్టి నా పన్ను దక్కిందమ్మా," అంటూ వెళ్లింది చేపలావిడ. నాకు అప్పుడు వెలిగింది. అయితే ఇన్నాళ్లూ కళ్లు కుదుటపడేదాకా కాలక్షేపానికి నన్ను వాగనిచ్చారా అని నిలదీశాను.

"వింటూనే ఉన్నానమ్మా. అప్పుడు చెవులకే కదా పని," అన్నారు.

ఇప్పుడు నా దగ్గర చేరిన అమ్మాయి, తెర వెలుగు పెంచుకుంటే సరిపోతుంది కదా మేడమ్ అని వాదిస్తుంది. నా దగ్గర జవాబులకి కరువా? అయినా కర్టెన్ లాగి, లైటు ఆర్పి, ఊఁ కొడుతూ కూర్చుంటాను. మా ఇంట్లో చెబితే ఎవరూ నమ్మరు. ఆ పిల్ల మాట్లాడుతూ ఉంటుంది. గది మెల్లగా తేటపడుతూ ఉంటుంది.