పాస్టరుగారు రాసిచ్చిన ఉత్తరం

పాలిటెక్నిక్ పూర్తయ్యాక గుంటూరు దగ్గర నల్లపాడు వైపు ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా చేరాను. రెండో వేసవిలో కంప్రెసర్ గదికి హెల్పర్ కావలసి వచ్చాడు. తేవలసినవి నేనే రాసి గేటుకు అంటించాను: రేషన్ కార్డు నకలు, రెండు ఫోటోలు, నడవడిక బాగుందని ఒక పెద్దమనిషి ఉత్తరం. ఆ మూడోది నా సొంత ఆలోచన. అంతకుముందు హెల్పర్లను ఎవరూ ఉత్తరం అడగలేదు. మేనేజరుకు పద్ధతి నచ్చి, ఉత్తరం లేనిదే ఎవర్నీ తీసుకోవద్దన్నాడు.

వచ్చినవాళ్లలో నలభై దాటిన ఒకతను కంప్రెసర్ల ముందు కాసేపు నిలబడి, "రెండోదాని బేరింగ్ పోతోందండి" అన్నాడు. విప్పి చూస్తే నిజమే. ఎక్కడ నేర్చుకున్నావంటే, "వర్క్‌షాపులోనండి" అన్నాడు. ఏ వర్క్‌షాపో అడగలేదు.

మర్నాడు వాళ్ల చర్చి పాస్టరుగారి ఉత్తరం తెచ్చాడు. పేజీ నిండా ఉంది. ఈ సహోదరుడు పొలం గట్టు తగాదాలో మనిషిని నరికి చంపి, జైల్లో ప్రభువును తెలుసుకుని, బాప్తిస్మం పొందాడని. ఆ చర్చిలో పాపం ఎంత పెద్దదైతే, మారానని అందరి ముందూ చెప్పే సాక్ష్యానికి అంత విలువ. పాస్టరుగారు మేలు చేయాలనే, ఆదివారం మైకులో చెప్పినట్టే రాశారు.

"ఇది వద్దు. మీ సర్పంచి చేత రెండు లైన్లు రాయించుకురా."

"చచ్చింది ఆయన బామ్మర్దేనండి."

"పోనీ, జైలు సంగతి తీసేసి రాయమను."

"అడిగానండి. ప్రభువు చేసిన పని దాచమంటావేంరా అని కేకలేశారు. నాకూ దాచబుద్ధి కాలేదండి. ఇవాళ దాస్తే ఇక రోజూ దాచాలి."

ఉత్తరం లోపలికి తీసుకెళ్లాను. మేనేజరు సగం చదివి బల్ల మీద పడేశాడు.

"ఏమయ్యా డిప్లొమా, హెల్పర్ని తెమ్మంటే హత్యకేసు తెచ్చావేంటి? ఆ గదినిండా స్పానర్లేనయ్యా!"

పక్క బల్ల దగ్గరి గుమాస్తా పకపకా నవ్వాడు.

"మారాడటండీ," అన్నాను.

"మారితే చర్చిలోనే పెట్టుకోమను."

బేరింగ్ సంగతి చెబుదామనుకున్నాను. ఎవడో ముక్కూమొహం తెలియనివాణ్ణి కంప్రెసర్ల దగ్గరికెందుకు రానిచ్చావంటాడని ఊరుకున్నాను.

బయటికొచ్చి, ఖాళీ లేదని చెప్పాను. నేనంటించిన కాగితం ఇంకా గేటుకే ఉంది. అతను దానివైపు చూడలేదు. తన ఉత్తరం అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో కాగితాలడగరటండి."

అక్కడ నాలుగేళ్లు చేసినవాళ్లు ఎలా దగ్గుతారో నాకు తెలుసు. అతనికీ తెలిసే ఉంటుంది.

"బస్సు ఎన్నింటికండీ?" అన్నాడు.

మూడు బస్సుల టైములూ చెప్పాను.